ఇంజనే స్టార్ట్ చేయనప్పుడు ప్రెషర్ ఎక్కడిది?

కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది, కొంచెం కుదించాను (డీపీఎఫ్ అంటే డీజిల్ కారు పొగలోని మసిని ఆపే ఫిల్టర్, రీజెన్ అంటే అందులో చేరిన మసిని కాల్చేయడం):

“అన్నా, నమస్తే. నాది 2021 మోడల్ డీజిల్ కాంపాక్ట్ ఎస్‌యూవీ, 52 వేల కిలోమీటర్లు తిరిగింది. కొన్నప్పటి నుంచీ ఇల్లు కూకట్‌పల్లి, ఆఫీసు కొండాపూర్, అదే రూటు. మూడు నెలల నుంచి డీపీఎఫ్ లైటు వస్తూ పోతూ ఉంది. సర్వీస్ సెంటర్‌లో లాప్‌టాప్ పెట్టి రీజెన్ చేశారు, 20 రోజులు ఆగింది. మళ్లీ చేశారు, ఈసారి 8 రోజులే. ఇప్పుడు చెక్ ఇంజన్ లైటు కూడా వెలిగింది, పికప్ లేదు, 2500 ఆర్‌పీఎం దాటట్లేదు. డీపీఎఫ్ మొత్తం మార్చాలి, 1.6 లక్షలు అంటున్నారు. మా బావమరిదికి తెలిసిన మెకానిక్ 18 వేలకే లోపలి సరుకు తీసేసి సాఫ్ట్‌వేర్ మార్చేస్తానంటున్నాడు. ఏం చేయాలి? ఇంకో సంగతి, రాత్రి సెల్లార్‌లో పెట్టాక ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, కాలిన వాసన వస్తుంది, వాచ్‌మన్ భయపడుతున్నాడు. ఇంత జరిగినా ఇంజన్ ఆయిల్ మాత్రం చుక్క తగ్గట్లేదు, అదొక్కటే సంతోషం.”

ముందు ఆ 18 వేలు ఎవరి చేతిలోనూ పెట్టకండి. 1.6 లక్షలు కూడా ఇప్పుడే వద్దు.

మీరు మాటవరసకు రాసేసిన రెండు సంగతుల దగ్గరే నేను ఆగిపోయాను. ఒకటి, 20 రోజులు ఆగింది కాస్తా 8 రోజులకు పడిపోవడం. రెండోది, ఆయిల్ తగ్గట్లేదని మీరు సంతోషపడటం. ఆయిల్ సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే అది రేపు పొద్దున్నే చూడాలి, మిగతావి నాలుగు రోజులు ఆగినా కొంపలేం మునగవు.

బండి చల్లగా ఉన్నప్పుడు, చదునైన చోట బానెట్ ఎత్తి డిప్‌స్టిక్ తీయండి. తుడవండి, మళ్లీ పూర్తిగా దించి తీయండి. ఆయిల్ పై గీత దాటి ఉందా? వాసన చూడండి, డీజిల్ ఘాటు తగులుతుందా? వేళ్ల మధ్య రుద్దితే జిగురు లేకుండా నీళ్లలా పల్చగా ఉందా? అయితే మీ ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంపులో ఉన్నది ఆయిల్ ఒక్కటే కాదు. రీజెన్ అంటే డీపీఎఫ్‌లో పేరుకున్న మసిని కాల్చడం కదా, ఆ వేడి పుట్టించడానికి చాలా కార్లలో సిలిండర్‌లోనే కాస్త ఆలస్యంగా అదనపు డీజిల్ కొడతారు. అది అక్కడ మండకుండా ఎగ్జాస్ట్‌లోకి పోయి, అక్కడి కెటలిస్ట్ (మండటాన్ని సులువు చేసే పూత) మీద మండాలని లెక్క. అందులో కొంత సిలిండర్ గోడలకు అంటుకుని పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి దిగుతుంది. రీజెన్ ఎప్పుడో ఒకసారి మొదలై సవ్యంగా పూర్తయితే అది లెక్కలోకి రాదు. మొదలవడం, మీరు సెల్లార్‌లో ఆపేయడం, మర్నాడు మళ్లీ మొదటి నుంచి మొదలవడం, ఇలా మూడు నెలలు సాగితే లెక్కలోకి వస్తుంది. ఏ ఇంజనైనా కాస్తో కూస్తో ఆయిల్ తాగుతుంది. మీది తాగుతూనే ఉంది, పైనుంచి డీజిల్ పోసి ఆ కొరత పూడుస్తున్నారు, అందుకే గీత కదలట్లేదు.

గీత దాటి ఉంటే ముందు ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్పించి, ఆ తర్వాతే బండి దూరం తీయండి. పల్చబడ్డ ఆయిల్‌తో టర్బో (ఇంజన్‌లోకి గాలిని నెట్టే ఫ్యాన్) బేరింగులు పోతే డీపీఎఫ్ బిల్లు చిన్నదిగా కనిపిస్తుంది. ఆయిల్ కూడా మీ మాన్యువల్‌లో రాసిన గ్రేడే, డీపీఎఫ్ కార్లకు సాధారణంగా ఏసీఈఏ (యూరప్ కార్ల తయారీదారుల సంఘం) గ్రేడ్లు సీ2, సీ3 లాంటివి రాసి ఉంటాయి, డబ్బా మీద ఆ అక్షరం చూసి మరీ పోయించండి. ‘అన్నీ ఒకటే సార్’ అంటే నమ్మకండి. ఎందుకో చెప్తాను.

ఊళ్లో కట్టెల పొయ్యి చూసినవాళ్లకు మసికీ బూడిదకీ తేడా చెప్పక్కర్లేదు. మసికి సరైన సెగ తగిలితే మండిపోతుంది. బూడిద ఎంత సెగ పెట్టినా మండదు, ఎత్తి పారపోయాల్సిందే. డీపీఎఫ్‌లోనూ ఈ రెండే చేరతాయి. అది సిరామిక్‌తో చేసిన తేనెపట్టు లాంటిది, సన్నటి గొట్టాల్లో ఒకటి ముందు మూసి ఉంటే దాని పక్కది వెనక మూసి ఉంటుంది, కాబట్టి పొగ గోడల గుండా దూరి పోవాల్సిందే, మసి గోడకు ఆగిపోతుంది. డీజిల్ సగం కాలితే వచ్చేది మసి. ఆయిల్‌లోని లోహపు మందులు కాలితే మిగిలేది బూడిద. సీ గ్రేడ్ ఆయిల్‌లో ఆ లోహాలు తక్కువ, అదీ తేడా. సరైన ఆయిల్ వాడిన కారులో బూడిద గురించి లక్ష, లక్షన్నర కిలోమీటర్లు దాటాక మాట్లాడుకోవాలి. 52 వేలకే బూడిదతో నిండిపోయిందంటే నేను నమ్మను. మీది మసి సమస్య. మసి సమస్యకు ఫిల్టర్ మార్చడమంటే, కొళాయి కారుతుంటే బకెట్ మార్చినట్టు.

సరే, మసి ఎందుకు కాలట్లేదు? అందరూ చెప్పే జవాబు మీ రూటు. నిజమే, అందులో చాలా వాస్తవం ఉంది. కూకట్‌పల్లి నుంచి కొండాపూర్ దాకా ఫస్టు గేరు, సెకండు గేరు, మళ్లీ ఫస్టు. హైవే మీద నిలకడగా పోతుంటే ఎగ్జాస్ట్ 250, 300 డిగ్రీలు దాటి కొంత మసి దానంతటదే కాలుతూ ఉంటుంది. మీకు ఆ అవకాశమే లేదు. ఇక కారు కంప్యూటర్ తనే మొదలుపెట్టే రీజెన్‌కు 600 డిగ్రీల దాకా ఎక్కాలి, అది పదిహేను ఇరవై నిమిషాలు నిలబడాలి. సరిగ్గా దాని మధ్యలో మీరు సెల్లార్‌లోకి దిగి తాళం తిప్పేస్తున్నారు. వాచ్‌మన్‌కు వచ్చే ఆ వాసన, ఆ ఫ్యాన్ చప్పుడు అదే. భయపడక్కర్లేదని చెప్పండి, కానీ కారు కింద అట్టపెట్టెలూ ఎండుటాకులూ లేకుండా మాత్రం చూసుకోమనండి. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు ఆర్‌పీఎం 800 ఉండేది 1000 చూపిస్తుంటే, ఆటో స్టార్ట్ స్టాప్ పనిచేయకపోతే, మైలేజీ అంకె ఉన్నట్టుండి పడిపోతే రీజెన్ నడుస్తున్నట్టు లెక్క. ఆ రోజు గేటు లోపలికి తిప్పకుండా మియాపూర్ దాటి పటాన్‌చెరు వైపు ఒక చుట్టు వేసి రండి. ఇంట్లో ‘ఎక్కడికి’ అని అడిగితే చెప్పడం కొంచెం కష్టమే.

కానీ రూటు మీదకు మొత్తం తోసేస్తే ఒకటి తేలదు. కొన్నప్పటి నుంచీ అదే రోడ్డు, అదే ట్రాఫిక్, అదే సెల్లార్ అన్నారు. మరి మూడు నెలల నుంచే ఎందుకు? ఫోర్స్‌డ్ రీజెన్‌తో (లాప్‌టాప్ పెట్టి చేయించేది) ఖాళీ చేసిన ఫిల్టర్ మొదట 20 రోజులకు, తర్వాత 8 రోజులకే నిండిందంటే రోడ్డు కాదు మారింది, బండిలో ఏదో మారింది. ఇంజన్ ముందుకంటే ఎక్కువ మసి కక్కుతుండాలి, లేదా ఫిల్టర్ నిండకపోయినా నిండిందని, దాని ముందూ వెనకా ప్రెషర్ తేడా కొలిచే సెన్సార్ అబద్ధం చెప్తుండాలి. సర్వీస్ సెంటర్ వాళ్లు ఈ రెండూ చూశారా లేదా అన్నది మీ ఉత్తరంలో లేదు. చూసి ఉంటే మీకు చెప్పేవాళ్లే.

ఈ అబద్ధం చెప్పే సెన్సార్‌తో నాకు స్వయంగా పరిచయం ఉంది. రెండేళ్ల కింద తార్నాకలో ఉన్నప్పుడు నా బండికీ ఇదే లైటు, ఇదే పాట, ఒక వర్క్‌షాప్‌లో (పేరెందుకు లెండి) కొత్త డీపీఎఫ్‌కు కొటేషన్ కూడా చేతిలో పెట్టారు. టెన్షన్‌తో రాణీగంజ్ వైపు ఒక పాత మెకానిక్ దగ్గరకు పోయాను. ఆయన స్కానర్ పెట్టి ఇంజన్ స్టార్ట్ చేయబోయి ఆగాడు. ఇగ్నిషన్ ఆన్‌లో ఉంది, ఇంజన్ ఆగి ఉంది, స్క్రీన్ మీద డీపీఎఫ్ ప్రెషర్ 14 మిల్లీబార్ అని చూపిస్తోంది. ‘ఇంజనే స్టార్ట్ చేయలేదు, పొగ ఎక్కడిది, ప్రెషర్ ఎక్కడిది సార్?’ అన్నాడు. సెన్సార్‌కు ఉన్న రెండు రబ్బరు పైపులూ ఊడదీశాడు. ఇప్పుడు దానికి రెండువైపులా గాలే. అయినా 14. పైపులో నోటితో ఊది చూశాడు, రెండూ బాగానే ఉన్నాయి, సెన్సారే పోయింది. కొన్ని వేల రూపాయల్లో కొత్తది వచ్చింది, వేశాక స్కానర్‌లో పాత విలువలు రీసెట్ చేశాడు. ఈ రీసెట్ మర్చిపోతే కొత్త సెన్సార్ వేసీ లాభం ఉండదు, కంప్యూటర్ పాత లెక్కలోనే ఉంటుంది. మొత్తం గంటన్నర పని, అందులో అరగంట చాయ్.

మీరూ మొదట ఇదే చూపించుకోండి. ఇంజన్ ఆపి ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేస్తే ఆ అంకె సున్నా లేదా దానికి అతి దగ్గరగా ఉండాలి. అలాగే పైపులు. ఎగ్జాస్ట్ వేడికి రబ్బరు గట్టిపడి పగులుతుంది, ముందువైపు పైపు పగిలితే దీనికి ఉల్టా జరుగుతుంది, అంటే ఫిల్టర్ నిండినా ఖాళీగానే ఉందని చూపిస్తుంది, అది ఇంకా ప్రమాదం.

సెన్సార్ నిజమే చెప్తుంటే ఇంజన్ మీదకు రావాలి. ఇక్కడ మిమ్మల్ని ఒకటి అడుగుతాను, గుర్తు తెచ్చుకోండి: మొదట లైటు వచ్చిందా, అంతకు ముందే పికప్ కొంచెం తగ్గినట్టు అనిపించిందా? పాత డీజిల్ బండ్లలో వెనక నల్లపొగ చూసే మెకానిక్ జబ్బు చెప్పేవాడు. ఇప్పుడా పొగంతా డీపీఎఫ్ మింగేస్తోంది. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ కారినా, ఈజీఆర్ వాల్వు (కొంత పొగను తిరిగి ఇంజన్‌లోకి పంపేది) తెరుచుకుని ఉండిపోయినా, టర్బో సీలు నుంచి ఆయిల్ పోయినా బయటికి చుక్క పొగ కనిపించదు. జబ్బు ఒకరిది, పేరు డీపీఎఫ్‌ది. పికప్ ముందే తగ్గి ఉంటే నేనైతే టర్బో నుంచి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు పోయే లావు గొట్టాలతో మొదలుపెడతాను. క్లాంపు దగ్గర చేయి పెట్టి తడమండి, దుమ్ము అంటుకున్న ఆయిల్ జిడ్డు తగిలితే అక్కడ గాలి లీకవుతోంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ‘స్స్’మని శబ్దం వస్తే ఇక అనుమానమే లేదు. గాలి తక్కువ, డీజిల్ అంతే, కాబట్టి మసి. చాలాసార్లు క్లాంపు బిగించడంతోనో గొట్టం మార్చడంతోనో అయిపోయే పని ఇది. ఆ తర్వాత స్కానర్‌లో ఇంజెక్టర్ల కరెక్షన్ విలువలు, ఏ ఇంజెక్టర్ ఎంత డీజిల్ వెనక్కి వదులుతోందో చూసే లీక్‌బ్యాక్ టెస్టు, ఈజీఆర్ చూపించుకోండి.

ఎవరూ చూడనిది థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడిని అదుపులో ఉంచే వాల్వు. అది తెరుచుకుని బిగుసుకుపోతే ఇంజన్ ఎప్పటికీ పూర్తిగా వేడెక్కదు, 85, 90 డిగ్రీల దగ్గర నిలవాల్సిన కూలెంట్ 65, 70 దగ్గరే తిరుగుతుంది, అంత చల్లగా ఉంటే కంప్యూటర్ రీజెన్ మొదలుపెట్టదు. డాష్‌బోర్డు మీద ముల్లు మామూలుగానే కనిపించవచ్చు, స్కానర్ లైవ్ డేటాలో అంకె చూడాలి. ఇరవై నిమిషాలు నడిపాక చూస్తే సరిపోతుంది.

చెక్ ఇంజన్ లైటు కోడ్ ఏమిటో కూడా కాగితం మీద రాయించుకోండి. ‘డీపీఎఫ్ ఎర్రర్ సార్’ అనేది కోడ్ కాదు. పీ2463 అంటే మసి ఎక్కువైందని, పీ242ఎఫ్ అంటే బూడిద అని, పీ2452 నుంచి పీ2455 దాకా ప్రెషర్ సెన్సార్ గొడవ, పీ2002 అంటే ఫిల్టర్ సరిగా వడకట్టట్లేదని. ఆఖరిది వస్తే ఒక తెల్లగుడ్డ తీసుకుని, సైలెన్సర్ చల్లారాక గొట్టం లోపల తుడవండి. డీపీఎఫ్ బాగున్న కారులో గుడ్డ దాదాపు శుభ్రంగా వస్తుంది. నల్లగా మసి అంటుకుంటే లోపల సిరామిక్ పగిలింది, అప్పుడు మాత్రం మార్చక తప్పదు. సెకండ్‌హ్యాండ్ డీజిల్ కారు కొనేవాళ్లు కూడా ఈ గుడ్డ పరీక్ష చేసుకోండి, ముందు ఓనర్ లోపలి సరుకు పీకేశాడో లేదో అక్కడే బయటపడుతుంది.

కారణం దొరికి, అది సరిచేశాక, అప్పుడు ఫోర్స్‌డ్ రీజెన్. ముందు చేస్తే ఈసారి నాలుగు రోజులు ఆగుతుంది, అంతే. అదీ ఆరుబయట చేయాలి, సెల్లార్‌లో కాదు. మసి హద్దు దాటి నిండి ఉంటే స్కానర్ ఒప్పుకోదు, ఒప్పుకోకపోతే దాన్ని ఏమార్చి చేయిస్తానన్న వాడి దగ్గర చేయించకండి, అంత మసికి ఒక్కసారిగా నిప్పంటుకుంటే సిరామిక్ కరిగి పగిలిపోతుంది. అలాంటప్పుడు ఫిల్టర్ విప్పి క్లీనింగ్‌కు ఇవ్వాలి. దానికి మెషీన్లున్న వాళ్లు గాలితో, వేడితో శుభ్రం చేసి, ముందూ వెనకా గాలి ఎంత దూరుతోందో కొలిచి రీడింగ్ ఇస్తారు. కొత్త దాని ధరతో పోలిస్తే చాలా తక్కువ. బండి కడిగే ప్రెషర్ గన్‌తో, ఏదో యాసిడ్‌తో గల్లీలో కడగడం మాత్రం వద్దు, లోపలి కెటలిస్ట్ పూత పోతుంది. డీజిల్‌లో పోసే డీపీఎఫ్ క్లీనర్ సీసాలు కొన్ని మసి కాలే వేడిని తగ్గిస్తాయి నిజమే, కానీ వాటిలో లోహం ఉంటే అది చివరికి బూడిదగానే మిగులుతుంది, ప్రతి ట్యాంకుకూ పోయకండి. యాడ్‌బ్లూ (యూరియా ద్రవం) పోస్తే పోతుందని ఎవరైనా అంటే అది వేరే సిస్టమ్, నైట్రోజన్ ఆక్సైడ్ల కోసం, మసితో సంబంధం లేదు.

‘ఓఆర్‌ఆర్ ఎక్కి ఒక రౌండ్ కొట్టు, పోతుంది’ అనే (హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు) సలహా మీకు ఇప్పటికే పదిమంది ఇచ్చి ఉంటారు. అది మొదటిసారి పసుపు లైటు వచ్చినప్పటి మందు. చెక్ ఇంజన్ వెలిగి బండి లింప్ మోడ్‌లోకి (కంప్యూటర్ పవర్ తగ్గించేసే స్థితి) వచ్చాక చాలా కార్లలో రీజెనే మొదలవదు, 158 కిలోమీటర్లు మొత్తం చుట్టి వచ్చినా డీజిల్ ఖర్చే. రిపేరు అయ్యాక మాత్రం ఆదివారం పొద్దున్నే నానక్‌రామ్‌గూడలో ఎక్కి శంషాబాద్ దాటి పోయి రండి. వేగం కాదు కావాల్సింది, నిలకడ. ఒక గేరు తగ్గించి 2000, 2500 ఆర్‌పీఎం మధ్య, ఎనభై తొంభైలో అరగంట. ట్యాంకులో పావు కంటే ఎక్కువ డీజిల్ ఉండాలి, రిజర్వ్‌లో ఉంటే చాలా బండ్లు రీజెన్ చేయవు. ఆ తర్వాత పదిహేను రోజులకు ఒకసారి ఈ షికారు అలవాటు చేసుకోండి, పిల్లలుంటే వాళ్లకూ సరదా.

ఇక మీ బావమరిది మెకానిక్ సంగతి. ఆయన చేస్తే లైటు పోతుంది, పికప్ వస్తుంది, ఒప్పుకుంటాను. కారే ఇంజెక్టరో చిరిగిన గొట్టమో అలాగే ఉండిపోతుంది, అది రేపు పిస్టన్ మీదకో టర్బో మీదకో వస్తుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన దానికి భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు ఓనర్‌కు 5 వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పట్టుకుంటారా అంటారు. రోజూ పట్టుకోరు, నాకూ తెలుసు. కానీ 2020 ఏప్రిల్ 1న బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చినప్పుడు డీజిల్ కార్ల మసి హద్దు కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల నుంచి 4.5కు దిగింది, అది దించింది ఈ ఫిల్టరే. డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తుందని 2012లోనే డబ్ల్యూహెచ్‌ఓ క్యాన్సర్ సంస్థ తేల్చింది. మీ సెల్లార్‌లో పొద్దున మీ కారు స్టార్ట్ అయ్యేటప్పుడు పక్కన స్కూలు బస్సు కోసం నిలబడేది ఎవరి పిల్లలో మీకు తెలుసు.

ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉంటే సెన్సార్లు అందులో వస్తాయేమో ఏ బిల్లూ కట్టకముందే అడగండి. తర్వాత నాకు మూడు అంకెలు రాయండి: ఇంజన్ ఆపి ఉన్నప్పుడు డీపీఎఫ్ ప్రెషర్, ఇరవై నిమిషాలు నడిపాక కూలెంట్ ఎన్ని డిగ్రీలు, స్కానర్‌లో చివరి రీజెన్ పూర్తయి ఎన్ని కిలోమీటర్లయిందో. వాటితో పాటు డిప్‌స్టిక్ ఫొటో ఒకటి, తుడిచి మళ్లీ దించి తీసినది.